కామా గురించి చెప్పని మాట

"పిల్లిపిల్లను పెంచడం అసలు పనే కాదు," అంది వకీలమ్మ, లంచ్ బాక్సు మూత పెడుతూ. "గిన్నెలో తిండి పెట్టాలి, ఇసుక డబ్బా ఎక్కడుందో చూపించాలి. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

ఆ అమ్మాయి నల్లకోటేమీ వేసుకోదు. చదివేది ఐదో తరగతి. అయినా ఇంట్లోనూ బడిలోనూ అందరూ వకీలమ్మ అనే పిలుస్తారు. వాదం మొదలుపెట్టిందంటే గెలిచేదాకా వదలదు మరి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుంది. నాలుగో కాలు ఎదురుగా కనబడుతున్నా, అది తోక అని నిరూపిస్తుంది.

పక్కన కూర్చున్న అబ్బాయి ముద్ద నమిలి, మింగి, నీళ్లు తాగి, అప్పుడు మాట్లాడాడు. అందుకే అతని పేరు నిదానం.

"కుక్కపిల్లే నయమేమో. పిలిస్తే వస్తుంది."

"పిలవకపోయినా వస్తుంది. బాధంతా అదే కదా."

చుట్టూ ఉన్న పిల్లలు పకపకా నవ్వారు. నిదానం కూడా నవ్వాడు. వాళ్లింట్లో బోల్టు అనే కుక్కపిల్ల ఉంది. వకీలమ్మ ఇంట్లో ఉన్నది కామా అనే పిల్లిపిల్ల. ఒళ్లు ముడుచుకుని పడుకుంటే అచ్చం కామాలా ఉంటుందని, పుస్తకాల ప్రూఫులు దిద్దే వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది.

"సరే, రేపు సెలవే కదా," అన్నాడు నిదానం. "బోల్టును నువ్వు తీసుకెళ్లు. కామాను నాకివ్వు. సాయంత్రానికి ఏది తేలికో తెలిసిపోతుంది."

తనకంటే ముందే ఇంత మంచి ఆలోచన అతనికి వచ్చినందుకు వకీలమ్మకు కొంచెం ఉడుకుబోత్తనం కలిగింది. అయినా ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే కామాను బుట్టలో పెట్టుకుని నిదానం వాళ్లింటికి వెళ్లింది. ముందు గది వాళ్ల నాన్న సైకిల్ షాపు, వెనక గదులు ఇల్లు. షాపంతా రబ్బరు వాసన. కొక్కేలకు ట్యూబులు వేలాడుతున్నాయి. గోడ వారగా పాత టైర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. షాపు గుమ్మం దాటితే బళ్లు రయ్యిమని పోయే రోడ్డు.

నిదానం బోల్టు తాడు ఆమె చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. "వీణ్ణి ఒంటరిగా వదిలితే ఏడుస్తాడు. తిన్న వెంటనే బయటికి తీసుకెళ్లాలి, లేకపోతే ఇంట్లోనే కానిచ్చేస్తాడు. చెప్పులు పైన పెట్టెయ్. తోలు చెప్పులైతే మరీ ఇష్టం."

వకీలమ్మ లోలోపల సంబరపడింది. ఒక్కో మాటా ఆమె పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టే ఉంది. ఇంత అమాయకంగా ఓడిపోయేవాణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు.

"మరి కామా సంగతి?" అడిగాడు నిదానం.

సరిగ్గా అప్పుడే ఆమె చూపు మూలనున్న ఎర్రరంగు మెషిన్ మీద పడింది. టైర్లలో గాలి నింపే మెషిన్ అది. స్విచ్ వేస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. కామాకు పెద్ద చప్పుళ్లంటే ప్రాణం మీదికొచ్చేంత భయం. మిక్సీ వేసేముందు అమ్మ దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపు మూస్తుంది. ఒకసారి మరిచిపోతే, బీరువా కిందికి దూరి ఎంతకీ బయటికి రాలేదు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, "పిల్లిపిల్లకూ ఇంత తతంగం ఉందే," అంటాడు నిదానం. అక్కడితో సగం వాదం పోతుంది.

"దానికేమీ చెప్పక్కర్లేదు," అంది వకీలమ్మ. "అదే చూసుకుంటుంది."

ఇంటికి వెళ్లిన కాసేపటికే బోల్టు ఇల్లు పీకి పందిరి వేశాడు. నాన్న చెప్పు పట్టీ కొరికాడు. కుర్చీ కింద చిన్న మడుగు కట్టాడు. వకీలమ్మ పక్క గదిలోకి వెళితే చాలు, కొంప మునిగినట్టు ఏడ్చాడు. అమ్మ ప్రూఫు కాగితాలు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, "ఈ బోల్టు ఎక్కడ ఊడిందో అక్కడే బిగించి రావే," అంది.

వకీలమ్మకు మాత్రం కోపం రాలేదు. బోల్టు పాడుచేసిన ప్రతి వస్తువూ ఆమెను గెలుపుకు దగ్గర చేస్తోంది. నేల తుడుస్తూ కూనిరాగం తీసింది.

మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది. తీస్తే నిదానం. జుట్టంతా చెమటకు తడిసిపోయింది. అతను పరుగెత్తడం ఆమె ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"కామా కనబడట్లేదు," అన్నాడు రొప్పుతూ. "షాపులో ఆడుకుంటూనే ఉంది. ఏమైందో, ఒక్కసారిగా ఎగిరి ఎటో పోయింది. రోడ్డు మీదికి వెళ్లిందేమో."

వకీలమ్మ బోల్టును అమ్మకు అప్పగించి అతని వెంట పరుగుతీసింది.

షాపులో గోలగోలగా ఉంది. నిదానం నాన్న రేకు డబ్బాలు ధనధనా జరుపుతున్నాడు. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన పెద్దాయన తన సైకిల్ బెల్లు మోగిస్తూ, "పిస్, పిస్," అని పిలుస్తున్నాడు.

"ఒక్క పూట పిల్లిపిల్లను చూసుకోలేకపోయావట్రా?" అన్నాడు నాన్న, కొడుకును చూడగానే. "అంత తేలిక పని నీకప్పగిస్తే ఇదా నిర్వాకం?"

నిదానం తల దించుకున్నాడు. "తప్పు నాదే నాన్నా. నేనే సరిగ్గా చూసుకోలేదు."

వకీలమ్మ అక్కడే నిలబడింది. ఆమె నోరు తెరవకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. నిదానం తనంతట తానే ఓటమి ఒప్పుకున్నాడు. కానీ డబ్బా మోగిన ప్రతిసారీ, ఎక్కడో చీకట్లో కామా ఇంకా లోపలికి ముడుచుకుపోతోందని ఆమెకొక్కదానికే తెలుసు. లేదా రోడ్డు వైపు పారిపోతుందేమో.

"వాడి తప్పు కాదు బాబాయ్," అంది. "దానికి చప్పుళ్లంటే భయం. మీ గాలి మెషిన్ చూసి కూడా నేను చెప్పలేదు. చెబితే ఓడిపోతానని."

నిదానం ఆమె వైపు చూశాడు. వాళ్ల నాన్న చేతిలోని డబ్బాను మెల్లగా కింద పెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"చప్పుడు కాకుండా షట్టర్ దించండి. ఎవరూ మాట్లాడొద్దు, పిలవొద్దు. కూర్చోండి చాలు."

షట్టర్ మెల్లమెల్లగా దిగింది. మసక చీకట్లో నలుగురూ నేలమీద కూర్చున్నారు. కొంతసేపటికి పెద్దాయన గుసగుసగా అడిగాడు. "మరి నా సైకిల్‌కి గాలి?"

"పిల్లి బయటికొచ్చాకే గాలి," అన్నాడు నిదానం నాన్న, అంతకన్నా గుసగుసగా.

వకీలమ్మ చెంప నేలకు ఆనించి టైర్ల దొంతర వైపు చూస్తూ పడుకుంది. వాదించడానికి అక్కడ ఎవరూ లేరు. ఎదురుచూడటం ఒక్కటే పని. అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. ముక్కు మీద దోమ వాలింది. ఆమె కదల్లేదు.

అన్నిటికన్నా అడుగున ఉన్న టైరులోంచి, ఉందో లేదో అన్నంత చిన్నగా, "మ్యా" అని వినిపించింది.

నిదానం లేవబోయాడు. వకీలమ్మ చేత్తో వద్దని సైగ చేసింది. పిలవకుండా, అరచెయ్యి మాత్రం చాపి ఉంచింది. ముందు మీసాలు వచ్చాయి. తరవాత ముక్కు. చివరికి గ్రీజు పూసుకుని నల్లబడ్డ కామా మొత్తం వచ్చి, ఆమె చేతిలో ముఖం దాచుకుంది. దాని గుండె టకటకా కొట్టుకోవడం అరచేతికి తెలుస్తోంది.

"క్షమించు," అంది వకీలమ్మ. కామాతో అన్నదో నిదానంతో అన్నదో స్పష్టంగా లేదు. ఇద్దరికీ సరిపోయింది.

కొన్ని వారాల తరవాత అమ్మానాన్నలతో కలిసి వకీలమ్మ వేరే ఊరు వెళ్లవలసి వచ్చింది. కామాను ఎవరి దగ్గర ఉంచాలని అమ్మ అడిగితే, "నిదానం దగ్గర, వాళ్లు ఒప్పుకుంటే," అంది. వాళ్లు ఒప్పుకున్నారు.

షాపు మెట్టు మీద బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని చెప్పింది. "వెనక గదిలో ఉంచు. మెషిన్ వేసేముందు తలుపు వేసి ఉందో లేదో చూడు. కొత్తచోట మొదటి పూట తినదు, కంగారుపడొద్దు. నిద్రపోతుంటే ఎత్తుకోకు, గీరుతుంది. తీగలు కొరుకుతుంది. పరదాలు ఎక్కుతుంది, దిగడం మాత్రం రాదు. అప్పుడు స్టూలు వేసుకోవాలి."

నిదానం అంతా విన్నాడు. తీరిగ్గా ఆలోచించాడు.

"ఇన్ని చెబితే నేనే గెలిచినట్టు కదా?"

"గెలువు," అంది వకీలమ్మ. "ముందు ఇది విను. లోతు గిన్నెలో తిండి పెట్టకు. మీసాలు అంచుకు తగిలితే దానికి నచ్చదు."