మేకు మీద లేని అయస్కాంతం

ఆ సందులో చివరి కొట్టు వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

పగలు చూస్తే ఏముంటుంది? తుప్పు పట్టిన షట్టర్, దానికో తాళం, పైన రంగు వెలిసిన బోర్డు. ఒకపక్క కుట్టుమిషన్ల సామాను అమ్మేవాడు, ఆ పక్కన తాళాలు బాగుచేసేవాడు. కానీ కొట్లన్నీ కట్టేశాక, ఆ మూసిన షట్టర్ వెనక నుంచి చప్పుడు వస్తుంది...

గర్ర్... టక్. టక్. టక్... గర్ర్...

బయట తాళం వేసే ఉంటుంది. లోపల ఏదో తిరుగుతూనే ఉంటుంది. కాపలావాడు మలుపు దాకా వచ్చి, కర్రతో నేలమీద రెండు దెబ్బలు కొట్టి, వచ్చిన దారినే పోతాడు. తాళాలవాడైతే, "నేను చెయ్యి పెట్టని తాళం లోకంలో అదొక్కటే" అంటాడు, అదేదో ఘనకార్యమైనట్టు.

ఆ కొట్టు టంకం బాబాయిది. పాత కంప్యూటర్లు బాగుచేసేవాడు. కీబోర్డే కంప్యూటరై, టీవీకి తగిలిస్తే పనిచేసే రకాలు వెనకటికి ఇళ్ళల్లో ఉండేవి చూడండి — వాటికి ఆయనే వైద్యుడు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ టంకం కాలిన మచ్చలే, అందుకే ఆ పేరు. ఒక సాయంత్రం పనిబల్ల మీద తల వాల్చాడు, మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు ఫ్లాపీ డ్రైవు తిరుగుతూనే ఉందట. ఇప్పటికీ తిరుగుతూనే ఉందని జనం మాట.

నాకు దెయ్యాల కథలంటే ఒళ్ళు మంట. చెప్పాపెట్టకుండా కార్ఖానా గేటుకి గొలుసు వేసి పోయిన యజమానుల్ని చూశాను. ఆ గేటు ముందు పిల్లల్ని చంకన వేసుకుని ఎండలో నిలబడ్డవాళ్ళని చూశాను. అంతకంటే భయపెట్టే దెయ్యమేదైనా ఉంటే ఎదురుగా వచ్చి మాట్లాడమనండి! కానీ ఇది చెప్పింది మా వదిన. మా వదినకి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడితే చెవులు ఎర్రబడిపోతాయి. కనక ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

వదినా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ కలిసి ఒక అల్లిక మిషను నడుపుతారు. స్వెట్టర్లు, టోపీలు, దుప్పట్లు. ఆ మిషను వాళ్ళకి ఎవరూ దానం చెయ్యలేదు. కార్ఖానా మూసేసి సామాను లారీకెక్కిస్తుంటే, లారీ చక్రాల ముందు కూర్చుని దింపించుకున్నారు. దాన్ని నడిపేది ఒక పాత కంప్యూటరు. ఏ వరసలో ఏ రంగు దారం రావాలో, ఎక్కడ పువ్వో, ఎక్కడ చుక్కో దానికి చెప్పేది ఒక ఫ్లాపీ — అరచెయ్యంత నల్లటి పల్చటి పలక. కార్ఖానా రోజుల్లో ఆ మిషనుకి బొమ్మలు గీసిచ్చింది కూడా టంకం బాబాయే.

ఆ ఫ్లాపీకి బూజు పట్టింది. చావదలుచుకున్నది ఏ ఆదివారమో చావొచ్చుగా? సరిగ్గా ఆ సాయంత్రమే చచ్చింది.

మర్నాడు పొద్దున్నే కాన్పుల ఆసుపత్రావిడ వస్తుంది. పసిపిల్లల దుప్పట్లు — తెల్లటి ఉన్ని మీద నీలం చుక్కలు. నమూనా నచ్చితే ఏడాది పొడుగునా పని. నమూనా లేదా, ఆర్డరు వేరేవాళ్ళకి. వీళ్ళ గదికి తాళం.

వీళ్ళలో ఒకామెని బొంగరం అంటారు, కాలు ఒకచోట నిలవదు. ఆమె లాప్‌టాప్ ముందేసుకుని వెతికి వెతికి, ఒక్క కేక పెట్టింది.

"దొరికిందక్కా! ఎవరో పుణ్యాత్ముడు మన ఫ్లాపీలాంటిదాన్నే మొత్తం నకలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. డిస్క్ ఇమేజ్ అంటారు. ఫ్లాపీ మీదున్నదంతా, చుక్క పోకుండా, ఒక్క ఫైలు!"

"అయితే ఏం లాభమే? బొమ్మలో అన్నం ఆకలి తీరుస్తుందా? మన మిషను నోట్లో పెట్టాల్సింది నిజం ఫ్లాపీ," అంది వదిన.

"మరి ఈ ఫైలుని ఫ్లాపీ మీదికి ఎక్కించాలి. ఎక్కించాలంటే..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సరంజామా ఉన్నది ఒక్కచోటే.

టంకం బాబాయి భార్యని అందరూ పిన్ని అనే పిలుస్తారు. తలుపు తీసి సంగతి వింది. తర్వాత షట్టర్ తాళంచెవి తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

"అక్కడ... చప్పుడు వస్తుందంటారు పిన్నీ," అంది బొంగరం, గొంతు తగ్గించి.

"ఇవాళ రాదులే," అంది పిన్ని. తలుపేసుకుంది.

నిజంగానే రాలేదు. సందంతా చీకటి. మలుపు దాటాక ఇద్దరూ చెవులు రిక్కించి నడిచారు. ఒక్క చప్పుడు లేదు. రోజూ మొరిగే కుక్క ఒక్కరోజు మొరగకపోతే ఎలా ఉంటుంది? అలా ఉందట.

తాళం తియ్యగానే వచ్చింది. షట్టర్ సగం ఎత్తి వంగి లోపలికి దూరారు. లైటు వెలిగింది. బల్లమీద పాత కంప్యూటరు, పక్కన డ్రైవు, లాప్‌టాప్‌కి తగిలించే కేబులు — అన్నీ ఆయన వదిలేసినట్టే.

"దుమ్ము చూడు..." బొంగరం గుసగుసలాడింది.

"ఎక్కడుందే?"

"అదే అంటున్నాను. కుర్చీ మీద దుమ్ము లేదు."

వదిన పట్టించుకోలేదు — పట్టించుకుంటే వెనక్కి తిరగాల్సి వచ్చేది. పాత ఫ్లాపీల పెట్టె దించింది. ఒకటి తీసింది, బూజు. ఇంకోటి... బూజు. పెట్టెలో పైనుంచి కిందిదాకా అన్నీ అంతే. అడుగున మాత్రం ఒక ఫ్లాపీ విడిగా ఉంది. మెత్తటి గుడ్డలో చుట్టి... మీద చీటీ లేదు, రాత లేదు. నల్లగా, నిగనిగలాడుతూ.

"ఇదొక్కటే బాగుంది," అంది వదిన.

"ఇదొక్కటే ఎందుకు బాగుంది?" అంది బొంగరం.

బాబాయికి ఒక నియమం ఉండేది. వాడిన ఫ్లాపీ మీద కొత్తది ఎక్కించే ముందు, బల్ల పైన మేకుకి వేలాడే పెద్ద అయస్కాంతం తీసి, దానిమీద నెమ్మదిగా తిప్పేవాడు. 'పాతది పూర్తిగా పోనిదే కొత్తది నిలవదమ్మా' అనేవాడు. వదిన ఎన్నోసార్లు పక్కన నిలబడి చూసింది. అలవాటుగా చెయ్యి మేకు మీదికి పోయింది.

మేకు ఉంది. అయస్కాంతం లేదు.

గోడమీద అది వేలాడిన చోట, లాడం ఆకారంలో తెల్లటి మచ్చ ఉంది... అంతే.

"పోనీలే, రాతమీద రాత రాస్తే కిందది పోదా ఏంటి?" అని, వదిన కేబులు తగిలించి, ఫ్లాపీ పెట్టి, మీట నొక్కింది.

గర్ర్... టక్. టక్. టక్...

ఊరంతా భయపడే చప్పుడు. తన చేత్తోనే మొదలెట్టింది కదా, అయినా వీపు మీద చెమట పట్టిందట. డ్రైవు మీద ఎర్ర దీపం. లాప్‌టాప్ మీద నంబరు ఒక్కొక్కటే పెరుగుతోంది. బొంగరం ఒక్కచోట నిలబడిపోయింది — పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

నంబరు చివరికొచ్చింది. అయిపోయింది.

ఎర్ర దీపం ఆరలేదు.

టక్... టక్... వెనక్కి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ... టక్. ఎవరో తొందర లేకుండా, కూర్చుని చేసుకుంటున్నట్టు.

"అయిపోయింది కదక్కా... ఇంకా ఏం రాస్తోంది?"

"సరిచూసుకుంటోందిలే," అంది వదిన.

దీపం ఆరింది. ఫ్లాపీ లాక్కుని ఇద్దరూ బయటపడ్డారు. తాళం ఎవరు వేశారో ఇప్పటికీ ఇద్దరికీ తెలియదు.

మిషను గదిలో మిగతా ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఫ్లాపీ పెట్టారు. తెర వెలిగింది. మిషను ఒళ్ళు విరుచుకుని, అల్లడం మొదలుపెట్టింది. తెల్లటి ఉన్ని మీద నీలం చుక్కలు — వరస... ఇంకో వరస... ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుకున్నారు.

అప్పుడు ఒక చుక్క పక్కకి జరిగింది.

దాని కింద ఇంకోటి. చుక్కల మధ్య ఏదో వంపు తిరిగింది. ముక్కు... మెడ... తోక...

పిట్ట.

ఆపేసి మళ్ళీ మొదలుపెట్టారు. అవే చుక్కలు. అదే చోట — పిట్ట. ఇంకోసారి. పిట్ట. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ఒకామె మిషనుకి దూరంగా జరిగి గోడకి ఆనుకుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఇమేజ్‌లో పిట్ట లేదు. బొంగరం లాప్‌టాప్ మీద ఒక్కో బొమ్మా తెరిచి చూసింది. లేదు!

వదిన ఒక స్టూలు మీద కూలబడి ఆలోచించింది. భయం ఒకవైపు తింటోంది. తెల్లారితే ఆసుపత్రావిడ వస్తుందన్న భయం అంతకంటే ఎక్కువ తింటోంది. అప్పుడు మేకు గుర్తొచ్చింది.

"దెయ్యం కాదే, నా బొంద! వెడల్పు కుంచెతో వేసిన గీత మీద సన్న కుంచెతో రంగు వేస్తే ఏమవుతుంది? అంచులు మిగిలిపోతాయి. కొట్టులో డ్రైవు కొత్తరకం, అది సన్నగా రాస్తుంది. మన డ్రైవు పాతది, వెడల్పుగా చదువుతుంది. మనం రాసిందీ చదువుతోంది, అంచుల్లో మిగిలిన పాతదీ చదువుతోంది. బాబాయి అయస్కాంతం తిప్పేది అందుకే! ఈ ఫ్లాపీ మీద ఆయన ఎప్పుడో గీసిన పిట్ట ఇది."

అందరికీ ఊపిరొచ్చింది. మరి అయస్కాంతం ఎక్కడుంది?

ఇంకా పూర్తిగా తెల్లారకముందే వదినా, బొంగరం పిన్ని తలుపు తట్టారు. వదిన చంకలో అల్లిన గుడ్డ, చుట్టింది చుట్టినట్టే. పిన్ని వసారా వెలుతురులో దాని కొస కాస్త విప్పి చూసింది. ముక్కు కనబడింది. అంతే — గడప మీదే కూర్చుండిపోయింది.

"అడుగున గుడ్డలో చుట్టింది తీశారా?"

"అదొక్కటే బాగుంది పిన్నీ..."

"మా పాప టోపీకి గీశారు ఆయన. పుట్టిన పాపకి. ఆసుపత్రిలో ఉండగానే... పోయింది." పిన్ని గుడ్డ కొస మళ్ళీ చుట్టేసింది. "ఎవరైనా కొట్టు తీసుకుంటే పాత ఫ్లాపీలన్నీ తుడిచేస్తారని, అయస్కాంతం తెచ్చి దాచాను. మీరు అడుక్కి వెళతారనుకోలేదు."

"వద్దంటే చెప్పు పిన్నీ, వెళ్ళిపోతాం," అంది వదిన. ఆ మాట అనడం ఎంత బరువైందో నాకు చెబుతూ కూడా ఆగింది. వెనక నలుగురి పొయ్యిలున్నాయి మరి.

పిన్ని లేచింది. లోపలికెళ్ళి తలగడ కింద నుంచి అయస్కాంతం తెచ్చింది.

"పోయిన పిల్లకి పిట్ట ఎందుకే? బతికున్న పిల్లలకి దుప్పట్లు కావాలి. పదండి. నేనే తిప్పుతాను."

షట్టర్ వైపు వెళుతుంటే ఆపి, వెనక గుమ్మానికి తీసుకెళ్ళింది. దానికో చిన్న గొళ్ళెం. అలవాటైన చెయ్యి చీకట్లోనే తీసింది.

"రోజూ రాత్రి ఇటునుంచే వస్తాను. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని, అది లేకపోతే కన్ను మూతపడదు. స్విచ్ వేస్తే చాలు, ఖాళీ డ్రైవు ఫ్లాపీ కోసం వెతుక్కుంటూ టక్కుటక్కుమంటుంది. వింటూ కూర్చుంటాను."

బొంగరం నోరు తెరిచేసింది. "అయితే దెయ్యం నువ్వా పిన్నీ!"

"నేనేనే. ఆ కాపలావాడికి చెప్పకు, కర్ర కూడా పారేసుకుంటాడు."

ముగ్గురూ నవ్వారు. తర్వాత పిన్ని ఫ్లాపీ మీద అయస్కాంతం తిప్పింది. నెమ్మదిగా, ఆయన తిప్పినట్టే. తిప్పుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది. వదిన మళ్ళీ ఎక్కించింది. ఈసారి నంబరు చివరికి రాగానే దీపం ఠక్కున ఆరిపోయింది.

ఆసుపత్రావిడ వచ్చేసరికి నమూనా బల్లమీద పరిచి ఉంది. తెలుపు మీద నీలం. చుక్క కదల్లేదు. ఆవిడ చేత్తో నిమిరి, తిరగేసి చూసి, "వచ్చే వారం నుంచి ఇవ్వగలరా?" అంది. ఐదుగురూ ఒక్కసారే తలూపారు.

ఆవిడ వెళ్ళాక చూస్తే, వాళ్ళతో వచ్చిన పిన్ని గది కిటికీ దగ్గర ఉంది. రాత్రి అల్లిన పిట్ట గుడ్డని అప్పుడే మొత్తం విప్పి ఎండలోకి పెట్టి చూస్తోంది. ఎంతసేపటికీ కదలదు.

"ఇది ఎవరు గీశారే?" అంది.

"బాబాయే కదా పిన్నీ. నువ్వే చెప్పావుగా."

"ఆయన గీసింది ఒక్క రెక్కే." వేలితో చూపించింది. "ఈ వైపుది. రెండోది మొదలుపెడుతుంటే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కుర్చీ తోసేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత ఆ ఫ్లాపీ ఏనాడూ డ్రైవులో పెట్టలేదు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలియదూ? ఒంటిరెక్క పిట్ట అది..."

గుడ్డ మీద పిట్ట రెండు రెక్కలూ చాపి ఉంది.

బొంగరం వదిన చెయ్యి పట్టుకుంది. నంబరు చివరికొచ్చాక కూడా ఆరని ఆ ఎర్ర దీపం... తొందర లేకుండా, వెనక్కి వెళ్ళి, ఒకచోట ఆగిన ఆ చప్పుడు... ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఫ్లాపీ సరిచూసుకోవడమే అయ్యుంటుంది వదినా. పిన్ని పెద్దదయింది, మర్చిపోయి ఉంటుంది," అన్నాను నేను, అంతా విన్నాక.

"నేను చూసింది చూసినట్టే చెప్పాను," అంది వదిన. నేను ఆవిడ చెవుల వంక చూశాను.

ఎర్రబడలేదు.