అల్సీద్ చెప్పిన అబద్ధం

రీటా తుఫానుకి పాయ పొంగి ఇళ్ళల్లో నడుంలోతు నీళ్ళు నిలిచాయే, దానికి నాలుగో ఏడు. అప్పటికి అల్సీద్ దార్దార్ ఇల్లు వరద అందకుండా పన్నెండడుగుల గుంజల మీదికి ఎక్కింది. ఇల్లు ఎక్కాక అతని చెల్లెలు క్లోతిల్ద్ మెట్లు దిగడం మానేసింది. మోకాళ్ళ నొప్పులంది. ఆ పొద్దున కాఫీ కాచి, గుమ్మం దగ్గర కూర్చుని రొయ్యల తలలు తుంచుతోంది. అల్సీద్ చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. భార్య ఓద్రియా పోయి ఏడాది. ఆమె ఉన్నప్పుడూ అతను పెద్దగా మాట్లాడింది లేదు.

కూతురు నొయెలీ వచ్చింది. పట్నం ఆసుపత్రిలో, వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునే బల్ల దగ్గర ఆమె పని. వచ్చీ రాగానే అత్త కాళ్ళవైపు చూసింది.

"ఇంట్లో రబ్బరు బూట్లెందుకత్తా? మళ్ళీ వరదొస్తోందా?"

"మీ నాన్న కాఫీ ఒలకబోస్తాడు. ముందు జాగ్రత్త."

"విప్పు."

"కట్టుకున్నవాడు కూడా ఇంత తొందర పెట్టలేదే నన్ను!"

నొయెలీ నవ్వలేదు. వంగి బూటు లాగేసింది. వాసన కొట్టింది. అరికాలి మధ్యన నాణెమంత పుండు, చుట్టూ నల్లగా.

"ఎన్నాళ్ళయింది?"

"రొయ్యల వేట మొదట్లో మేకు దిగింది. నొప్పే లేదు పిల్లా, ఒట్టు."

"నొప్పి లేకపోవడమే రోగం. షుగరు. అమ్మకీ కాలితోనే మొదలైంది. ఆ తర్వాతే కిడ్నీలు పోయాయి."

అల్సీద్ చేతిలో సూది ఆగింది. "మనవాళ్ళ కోసం కాళ్ళు చూసే ఆసుపత్రి బండి తిరుగుతోందన్నావుగా?"

"తిరుగుతోంది. పాయ ఎగువ ఊళ్ళ దాకా వస్తుంది. ఇక్కడికి రాదు."

"ఏం, మనం పన్ను కట్టమా?" అంది క్లోతిల్ద్.

"లెక్క చూసి పంపుతారత్తా. ఏ జాతివాళ్ళకి ఏ రోగం ఎక్కువో, ఏ రోడ్డులో ఎంతమందో. మన రోడ్డులో షుగరున్న హూమా వాళ్ళు ఎంతమందో తెలుసా? ఇద్దరు."

"ఇద్దరా! ఆదివారం ఈ బల్ల చుట్టూనే తొమ్మిదిమందిమి షుగరు సూదులు పొడుచుకుని అన్నానికి కూర్చుంటాం."

"మిగతావాళ్ళంతా కాగితాల్లో తెల్లవాళ్ళు, లేదా ఖాళీ గళ్ళు. అంతా నాన్న చలవ."

ఆ మాట నిజం. ఆ రోడ్డులో ఉన్నవాళ్ళంతా హూమా ఆదివాసులే; జాతి అడిగితే నోరు విప్పొద్దని రోడ్డంతా తిరిగి చెప్పింది అల్సీదే. చిన్నప్పుడు ఇక్కడి మిషను బడిలో మూడేళ్ళు చదివాక, వాళ్ళమ్మ ఉతికిన చొక్కా తొడిగి అతన్ని పట్నం బడికి పంపింది. టీచరమ్మ ఒక్కటే అడిగింది, మీరే జాతి అని. చెప్పాడు. ఆవిడ పేర్ల పుస్తకం మూసి తలుపు చూపించింది. అంతటితో చదువు సరి.

"అడిగేవాళ్ళు మంచికడగరు," అన్నాడు.

"రోజూ అదే అడుగుతున్నాను నేను. నేనూ చెడ్డదాన్నేనా?"

"ఆ టీచరమ్మా ఎవరికో ఒకరికి కూతురే."

నొయెలీ మొహం మాడిపోయింది. "కాగితాల్లో తప్పుగా నింపిన గళ్ళు వెతికే పని నాకే ఇచ్చారు. నిన్న అమ్మ కాగితం చేతికొచ్చింది. ఖాళీగా ఉంటుందనుకున్నా. తెల్ల అని రాసుంది. పక్కన 'భర్త చెప్పారు' అని రాసుంది." తండ్రివైపు తిరిగింది. "ఆ కాగితం రాసిన ఏడే మనవాళ్ళందర్నీ కిడ్నీ పరీక్షకి పిలిచారు నాన్నా. జాబితాలో అమ్మ పేరు లేదు. అమ్మని పిలవలేదని ఏడాదిగా ఆసుపత్రివాళ్ళని తిట్టుకుంటూ వచ్చాను. తిట్టాల్సింది ఎవర్ని?"

అల్సీద్‌కి ఆనాటి ఆసుపత్రి బల్ల కళ్ళకి కట్టింది. ఓద్రియా చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుంది. జాతి అడిగిన పరాయి పిల్లకి జవాబు చెప్పబోయి నోరు తెరిచింది. అతనే అడ్డుపడి, తెల్లవాళ్ళం రాసుకో అన్నాడు. తిరిగొస్తుంటే వంతెన దగ్గర ఓద్రియా, "మా అమ్మ వింటే ఏమనేదో," అంది. అంతే.

"తెల్లవాళ్ళమంటే బాగా చూస్తారనుకున్నానే," అన్నాడు నేలకేసి చూస్తూ.

ఎవరూ ఓదార్చలేదు. క్లోతిల్ద్ మెల్లిగా అడిగింది. "అన్నయ్యా, మరి నన్నేమని రాయించావు?"

"నీది ఖాళీ వదిలేయించాను."

"ఖాళీ!" పెద్దగా నవ్వింది. "అరవై రెండేళ్ళు బతికి ఖాళీ!" ఆ నవ్వు నవ్వుతూనే ఏడుపయింది. రొయ్యల గిన్నె ఒళ్ళోంచి జారినా తీయలేదు.

మర్నాడు పొద్దున అల్సీద్ ఓద్రియాని పూడ్చిన రోజు వేసుకున్న చొక్కా తొడుక్కున్నాడు. చెల్లెల్ని వీపున వేసుకుని మెట్లు దిగి, తన బండెక్కించాడు. ఆసుపత్రిలో కూతురి వరసలోనే నిలబడ్డాడు. నొయెలీ ఎవరో పరాయివాళ్ళని అడిగినట్టే పేరూ వయసూ అడిగింది.

"జాతి?"

ఆ బడి తలుపు కనపడింది. "హూమా," అన్నాడు, బెంచీల మీదివాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

"ఆవిడది?"

"నన్నడగవే, నాకు నోరుంది," అంది క్లోతిల్ద్. "హూమా."

ఆమెని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళారు. అల్సీద్ కదలలేదు.

"ఇంకో పేరుంది. ఓద్రియా దార్దార్."

"నాన్నా, పోయినవాళ్ళవి ఇక్కడ మార్చరు."

"అడుగు."

వెనక ఎవరో దగ్గారు. నొయెలీ మణికట్టుతో కళ్ళు తుడుచుకుని కొత్త కాగితం తీసింది. అడిగింది. ఈసారి ఓద్రియా చెప్పబోయిన మాటే చెప్పాడు. ఆమె రాసింది. ఆ కాగితం పెట్టుకోవడానికి అంత పెద్ద ఆసుపత్రిలోనూ చోటు లేదు. అల్సీద్ దాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, పక్కకి తప్పుకున్నాడు.