రెండు పసుపు లైట్లు

సిద్దిరాములును బ్రేకు కేబుల్‌తో చంపారు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో అతనిదో మెకానిక్ షెడ్డు. పైకి పంక్చర్లు వేస్తాడు, లోలోపల డిపార్ట్‌మెంటుకు వేగు. చంపినవాళ్లకు తొందరేమీ లేదు. వేళ్లు ఒక్కొక్కటే విరిచి, అడగాల్సినవన్నీ అడిగి, ఆ తర్వాతే కేబుల్ బిగించారు. ఏజెంట్ దేవేందర్ ఆ చేతులకేసి ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. తనకు క్లచ్ ప్లేట్లు విప్పడం నేర్పిన చేతులవి.

"ఏడ్చుడు తర్వాత. ముందుగాల బ్రీఫింగ్ ఇను," అన్నాడు చీఫ్ ప్రభుదాసు.

విషయం చిన్నది, ముప్పు పెద్దది. హైదరాబాద్‌లోని ఒక రక్షణ ల్యాబు నుంచి క్షిపణికి దారి చూపే సెన్సార్ మాయమైంది. అగ్గిపెట్టెంత ఉంటుంది. అది సరిహద్దు దాటితే మన క్షిపణి ఎక్కడ ఎలా మలుపు తిరుగుతుందో శత్రువుకు తెలిసిపోతుంది. దాన్ని అందుకోవడానికి విదేశీ ముఠా మనిషి ఒకడు ఎల్లారెడ్డిలో కాచుకుని ఉన్నాడు. ఇటు కామారెడ్డికి జారోవా అనే విదేశీ సూపర్‌బైక్ రోడ్‌షో వచ్చింది. దాన్ని చూసి వచ్చాకే సిద్దిరాములు చచ్చాడు.

"ఆ బండి నడిపేది మన అనూహ్యనే. ముఠాల మనం పెట్టిన మనిషి. బండి క్లీన్ అంటున్నది. నాకు నమ్మకం కుదురుతలేదు. నువ్వు పొయ్యి చూడు," అన్నాడు ప్రభుదాసు.

గంట తర్వాత దేవేందర్, ముఠాకు అనుమానం రాకుండా కంపెనీ టెక్నీషియన్ వేషంలో, రోడ్‌షో గోదాములో ఉన్నాడు. చేతిలో టార్క్ రెంచి, దాని పిడిలో ట్రాన్స్‌మిటర్. 'చైన్ లూజుంది' అంటే బయట జీపులో ఉన్న చీఫ్‌కు ప్రమాద సంకేతం.

జారోవా ముందు నిలబడగానే అతనికి ప్రాణం లేచివచ్చింది. శవాన్ని చూసొచ్చిన పూటే అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది. వెయ్యి సీసీ ఇంజన్, రెండు వందల హార్స్‌పవర్, అల్యూమినియం ఫ్రేము. క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చే క్విక్ షిఫ్టర్. యాక్సిలరేటర్‌కు కేబులే లేదు, పిడి తిప్పితే కంప్యూటరే ఇంజన్‌కు చెబుతుంది. సీటు కింది సెన్సార్ బండి ఎంత వంగిందో క్షణక్షణం కొలుస్తుంది. చక్రం జారబోతే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ జోరు తగ్గిస్తుంది, ఏబీఎస్ బ్రేకును సర్దుతుంది. పిచ్చివాణ్ణయినా క్షేమంగా ఇల్లు చేర్చే బండి.

తాళం తిప్పాడు. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, రెండు పసుపు లైట్లూ వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయాయి. అంటే ఆ రెండూ పనిచేయడం లేదు. సీటు లేపి చూశాడు. సెన్సార్ స్క్రూ మీద కొత్త గీతలు. బండి సెన్సార్ పీకేసి, ఆ గూట్లో క్షిపణి సెన్సార్‌ను కూర్చోబెట్టారు. ఎన్ని స్కానర్లు పెట్టినా, సెన్సార్ ఉండాల్సిన చోట సెన్సారే కనిపిస్తుంది. దొంగతెలివి అంటే అదీ.

"చైన్ లూజుంది మేడం," అన్నాడు గట్టిగా, గోదాము అవతలి మూలనున్న అనూహ్యతో.

జవాబుగా తూటా వచ్చింది. సైలెన్సర్ బిగించిన పిస్తోలు, చప్పుడు దగ్గినంత. తొడ పట్టుకుని కూలబడ్డాడు.

ఎర్ర లెదర్ సూట్‌లో అనూహ్య వచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకే బ్యాచ్. ఒకప్పుడు ఆమె నవ్వితే చాలు, అతనికి ఆ రోజు గడిచిపోయేది. ఆ నవ్వే ఇప్పుడూ నవ్వి, బూటు మడమ అతని గాయం మీద పెట్టింది.

"ఎల్లారెడ్డి రోడ్డు మీద పోలీసులున్నారా?"

"లేరు."

మడమ తిప్పింది. "మళ్లీ చెప్పు."

"లేరు. ఒట్టు."

నిజమే చెప్పాడు. మక్కల సంగతి మాత్రం చెప్పలేదు. కోతలయ్యాక లింగంపేట దాటితే సగం రోడ్డు రైతులదే. అంచున రాళ్లు పేర్చి మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోస్తారు. ఆ పక్కనే గాంధారిలో పుట్టిన దేవేందర్‌కు ఆ మలుపుల్లో చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అనూహ్య నేర్చుకున్నదంతా రేస్ ట్రాక్ మీద.

అంతలోనే పాత ప్రేమ అడ్డం పడింది. "గా లైట్లు ఎలుగుతున్నయి. మలుపులకాడ మెల్లగ పో," అన్నాడు. అన్నందుకు తనను తానే అసహ్యించుకున్నాడు.

"నన్ను లేటు చేయాలనా? సిద్దిరాములు కూడా చివర్లో ఇలాగే తియ్యగా మాట్లాడాడు," అందామె హెల్మెట్ పెట్టుకుంటూ. "నేను స్పీడుగానే పోతా. మెల్లగా పోయేది నువ్వు."

బండి గర్జించి వెళ్లిపోయింది. సంకేతం విన్న ప్రభుదాసు గడియ పెట్టిన వెనక తలుపు పగలగొట్టుకుని లోపలికి ఉరికి వచ్చి, తువ్వాలుతో తొడ బిగించి, అతన్ని జీపులో పడేశాడు.

లింగంపేట దాటుతుంటే దేవేందర్‌కు అప్పుడు తట్టింది. మక్కల పక్కన కావలికి ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. అనూహ్యను ఆపడానికి ఊరూ పేరూ తెలియని మనిషి ప్రాణం పందెం కాశాడు తను.

మలుపు తిరిగితే కనిపించింది. మక్కల మీద బండి జారిన నల్లటి చార, చెదిరిన రాళ్లు, రాళ్ల మధ్య ఎర్ర సూట్. పక్కనే ఎంకవ్వ అనే ముసలావిడ, ఒంటి మీద గీత పడకుండా, ఒక కారుకు అడ్డంగా నిలబడి ఉంది. అది ఎల్లారెడ్డి నుంచి ఎదురొచ్చిన ముఠా మనిషి కారు. వాడు అనూహ్య బండి సీటు విరిచి సెన్సార్ తీసుకున్నాడు గానీ, కదలలేకపోయాడు. ప్రమాదం జరిగిన చోట ఆగిన ఏ వాహనాన్నీ పంచాయితీ తెగేదాకా వదలకపోవడం ఇక్కడి పద్ధతి. రైతులు చుట్టూ మూగారు.

"మా మక్కలు నాశనమైనయి. పంచాయితి తెంపి పో," అంటోంది ఎంకవ్వ.

వాడు కిటికీలోంచి పిస్తోలు తీసి ఆమె నుదుటికి గురిపెట్టాడు. దేవేందర్ జీపులోంచే కాల్చాడు. వాడి తల స్టీరింగ్ మీద వాలి, హారన్ ఆగకుండా మోగింది.

ప్రభుదాసు సెన్సార్ జేబులో వేసుకున్నాడు. దేవేందర్ కుంటుతూ అనూహ్య దగ్గరికి వెళ్లాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. సిద్దిరాములు వేళ్లు గుర్తు తెచ్చుకుని చూశాడు, అయినా దుఃఖం ఆగలేదు. ఎంకవ్వ వచ్చి తన తలగుడ్డ విప్పి ఆ మొహం మీద కప్పింది.

"అవ్వా, నువ్వు దేశాన్నే కాపాడినవ్," అన్నాడు ప్రభుదాసు.

"గట్లనా సారూ," అంది ఎంకవ్వ. "గా పిల్ల కాలు జెర పక్కకు జరుపుండ్రి. మక్కల మీదున్నది."