మంచం కింది చెప్పులు

పాత నీలం చీరే కావాలని దీవెన, బీరువాలోని పట్టుచీర కట్టుకోమని ఏసుమణి. టీలు చల్లారిపోయినా వాదన తెగలేదు. వెలిసిపోయిన చీరతో కూతురు నాటకంలో స్టేజీ ఎక్కితే చర్చిలో తన పరువేం కావాలని ఏసుమణి బాధ.

"తల్లి వేషం మా. వంటింట్లో తల్లి పట్టుచీర కట్టుకుంటాదా?" అంది దీవెన. తండ్రి జయరాజ్ నవ్వుకుంటూ బండల ఫ్యాక్టరీకి ఆటో ఎక్కాడు.

అసలు వాదన చీర గురించి కాదు. దీవెనకు కడపలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, అక్కడే హాస్టల్లో ఉండాలి. ఏసుమణి ఒక్కసారే వద్దంది. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఆమెకొక అలవాటుంది. లైట్లు వేసే వేళకు గడప బయటున్న కూతురి చెప్పులు తెచ్చి తన మంచం కిందికి తోసేది. ఎప్పుడో ఒక జత కుక్క ఎత్తుకుపోయిందని మొదలైంది. ఆ కుక్క చచ్చి పదేళ్ళయింది. కొడుకు శామ్ చెప్పులు మాత్రం ఎప్పుడూ బయటే ఉండేవి.

శనివారం సాయంత్రం చర్చి ఆవరణలో నాటకం. స్టేజీ మీద తలుపు లేదు. రెండు ఇటుకలు పెట్టి గడప అన్నారు. కూతురి వేషం వేసిన పిల్ల ఉద్యోగం కాగితం చదువుకుంటోంది. నీలం చీరలో దీవెన వచ్చింది. తిట్టలేదు, తాళం వేయలేదు. గడప దగ్గరి చెప్పులు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, మంచం కిందికి తోసింది. ఆ పిల్ల లేచి ఇటుకల దాకా వచ్చి, చెప్పుల కోసం చూసి, వెనక్కి పోయి కూర్చుంది. అంతే, తెర పడింది.

పక్కింటి భీమమ్మ మోచేత్తో పొడిచింది. "అచ్చం నువ్వే కదక్కా."

తెల్లారి పొయ్యి దగ్గర ఏసుమణి కూతుర్ని అడిగింది.

"నన్ను నవ్వులపాలు చేసేకి అందరి ముందర నాటకమాడినావా?"

"రాసింది పాస్టరమ్మ. చెప్పుల సంగతి చెప్పింది మాత్రం నేనే మా. నవ్వుతారనుకున్యా." దీవెన గొంతు తగ్గించింది. "ఒక్కరూ నవ్వలేదు."

నిజమే. ఎవరూ నవ్వలేదని ఏసుమణికి అప్పుడు గుర్తొచ్చింది.

"తుడిచేది గూడా చూసినావా?"

"చిన్నప్పట్నుంచీ చూస్తాండా. అట్ల తుడిచి పెడతావనే, ఇయ్యి మా అని అడగలేకపోయినా."

ఏసుమణి పొయ్యి మీది గిన్నె దించి, లోపలికి పోయి మంచం కింద చెయ్యి పెట్టింది. ఒక చెప్పు పట్టీ తెగడానికి సిద్ధంగా ఉంది. రోజూ తుడిచే చేతికి ఆ సంగతి తెలియనే లేదు. అక్కడే నేల మీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

చర్చి నుంచి వచ్చాక అందరూ అన్నానికి కూర్చున్నారు. ఏసుమణి వడ్డిస్తూ, పప్పు చాలా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

"రేపు దీవెన కడపకు పోతాంది. శామూ, పొద్దున్నే నువ్వు బస్టాండులో దింపు. ఈ పొద్దు సాయంత్రం నేనూ పాపా బజారుకు పోతాం, చెప్పులు కొనాల."

జయరాజ్ చేతిలో ముద్ద అలాగే ఆగింది. దీవెన గుమ్మం వైపు చూసింది. పాత జత గడప అవతల, ముందు భాగం వీధి వైపు పెట్టి ఉంది.