చౌడమ్మ చీర మీద చుక్క

పెట్టెలో చీర లేదు! ఉరుకుందమ్మ రవిక గుడ్డలు, పాత దుప్పట్లు, పెండ్లినాటి పంచె అన్నీ లాగి పారేసింది. అడుగున ఒక బొద్దింక తప్ప ఏమీ మిగల్లేదు. రేపు పొద్దున్నే చౌడమ్మ తల్లికి కట్టాల్సిన చీర అది... తెల్లటి ఒళ్లు, ఎర్రటి అంచు, నెలన్నర పాటు మగ్గం గుంతలో కాళ్లు దించి నేసిన చీర. కోడుమూరు నేతగేరిలో అమ్మవారికి చీర ఇచ్చే వంతు ఏడాదికొక ఇంటిది. ఈ ఇంటికి పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చింది. ఇవ్వలేకపోతే ఆ ఇంటిని వరసలోంచి తీసేస్తారు, మనవల కాలానికి కూడా మళ్లీ రాదు.

"ఏమయ్యా, పెట్టెలో చీర యాడ?"

మొగుడు తిమ్మయ్య పెరట్లోని రేకుల కొట్టంలోంచి తల బయటపెట్టాడు. గడ్డానికి ఎర్రమన్ను రంగు, చెవిమీద కుంచె, ముఖమంతా సంబరం.

"దానిమీదనే కదా బొమ్మేసినా. ఎనిమిది దినాలు పట్టింది. ఎప్పుడూ ముక్కలిచ్చేదానివి, ఈ తూరి నిండు చీర ఇచ్చినావు. శానా సంతోషమాయ. రా, చూద్దువు."

ఆమె గడప మీదే కూలబడింది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. పోగులు తెగాయని నూలిచ్చే షావుకారు వెనక్కి కొట్టిన గుడ్డను ఉరుకుందమ్మ మొగుడికి ఇచ్చేది. గంజి పెట్టిన నేత మీద రంగు బాగా నిలుస్తుంది. ఇది నీది అని గుర్తుగా కొసకు ఎర్రదారం ముడివేసి పెట్టెలో పెట్టేది. చౌడమ్మ చీరకూ ఆమె ఎర్రదారమే కట్టింది. అది మొక్కు ముడి. ఏమని మొక్కింది? ఈ మనిషికి బొమ్మల పిచ్చి వదలాలని!

ఆ పిచ్చి అంతా ఇంతా కాదు. వయసులో తిమ్మయ్య ఎర్రగుంట్లలో లారీలకు బొమ్మలు వేశాడు. కొబ్బరిచెట్లు, నీళ్లలో హంసలు వేయమంటే ఎండిన చేను, నల్లరాళ్ల గుట్ట వేశాడు. "ఈ లారీ ఎనక వచ్చేటోనికి దప్పికయితాది" అని ఓనరు పంపేశాడు. కర్నూలు ఫోటో స్టూడియోలో పెండ్లిజంటల వెనక కట్టే తెరమీద జలపాతం అడిగితే ఎండిన హంద్రీ ఏటి ఇసుక వేశాడు. ఆ తెరముందు నిలబడిన పెండ్లికూతురు ఏడ్చిందట. ఎన్నడూ చూడని నీళ్లను గోడకు తగిలించుకుని, పుట్టిన నేలను చూడ్డానికి సిగ్గుపడే జనం మనం! సరే... ఆ మనిషి కళకు ఇరవై రెండేళ్లు తిండి పెట్టింది ఆమె మగ్గం. ఆమెకు శాలువా కప్పుదామని ఏ సంఘమూ రాలేదు.

"నేను ఎర్రగుంట్లకు పోతాండా. మా అన్న ఇంట్లో అంట్లు తోముకుంటా. నువ్వూ నీ గుట్టలూ ఈడనే ఉండండి" అని ముక్కు చీదింది ఉరుకుందమ్మ.

"పోదువులే. బొమ్మ చూసి పో."

"నా బతుకే ఎండిన చేను. ఇంక బొమ్మలో చూసేదేముండాది?"

"అందుకే బాగొచ్చింది" అన్నాడు తిమ్మయ్య. అది అనకూడని మాట అని అన్నాక తెలిసింది.

అంతలో కులపెద్ద పెద్ద ఈరన్న వచ్చాడు. ముందురోజు సాయంత్రం చీరను విప్పి చూసి సరే అనడం ఆయన పని. వెంట పక్కింటి సుబ్బయ్య, ఎదురింటి తిరుపతమ్మ, సగం వీధి. దాచడానికి దారి లేదు. తిమ్మయ్య మాత్రం ఉత్సాహంగా చీరను తెచ్చి, వీధిలో పడుగు నూలు సాచే గుంజలకు ఈ కొస ఆ కొస కట్టేశాడు.

ఎనిమిది గజాల నేల! గుట్ట మొదలు హంద్రీ ఇసుక దాకా బీటలు, తుమ్మలు, వేరుశనగ చేలు. ఎక్కడా చుక్క నీరు లేదు. ఉరుకుందమ్మ కళ్లు మూసుకుంది...

"ఇది నా చేనప్పా" అన్నాడు సుబ్బయ్య.

"గట్టు కూడా చూడు మామా. నా తుమ్మచెట్టు దాటి ఈపక్కకు వచ్చిండాది" అంది తిరుపతమ్మ.

"అది బొమ్మలో కదమ్మా."

"నేలమీద కూడా అట్లనే జరిపినావు. తిమ్మన్న ఉన్నది ఉన్నట్టు ఏస్తాడు."

పెద్ద ఈరన్న ఆ ఇద్దరినీ పక్కకు తోసి చేల నడుమ దారి దగ్గర వంగాడు. "ఈ నల్లమచ్చ ఏంది?"

"ఈగ రెట్ట పెద్దాయనా. ఈయన బొమ్మలన్నిటికీ ఉంటాది. ఇంట్లోకి తెచ్చినంక నేనే తుడుస్తా" అని ఉరుకుందమ్మ అలవాటుగా కొంగు తడుపుకుని వచ్చింది.

తిమ్మయ్య వీధి మొత్తం ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తుడవద్దే. అది నువ్వు."

"నేనా?"

"నెత్తిన నూలుమూట పెట్టుకొని షావుకారు తాన నుంచి వస్తావే, అది. ప్రతి బొమ్మలో పెడతా. నువ్వు తుడుస్తావు. నేను మళ్లీ పెడతా."

"ఇన్నేండ్లు ఒక మాట చెప్పి ఏడ్వకూడదా?"

"నీకు నచ్చలేదేమో అనుకుంటి."

ఉరుకుందమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ఎన్ని బొమ్మల్లో, ఎన్ని తడవలు, తనను తానే కొంగుతో తుడిచేసుకుందో...! ఆ తడికొంగుతోనే కళ్లు ఒత్తుకుంది.

పెద్ద ఈరన్న గొంతు సవరించుకున్నాడు. "గుడి గోడలనిండా ఏర్లు, చెరువులు ఏయించినాం. అవి చూసి, వీళ్లకు నీళ్లకేం తక్కువ అనుకుంటాంది అమ్మ. ఈసారి ఉన్న సంగతి ఒంటికే చుడదాం. చీర ఒప్పినా."

మరునాడు పూజారి అమ్మవారికి ఆ చీరే కట్టాడు. గుట్ట భుజం మీదికి, హంద్రీ పాదాల దగ్గరికి వచ్చాయి. ఉరుకుందమ్మ జనాన్ని తోసుకుంటూ గర్భగుడి గడప దాకా పోయి వెతికింది. చుక్క కనబడలేదు.

"సామీ, ఆ కుచ్చిళ్లు విప్పు."

"అలంకారం అయిపోయిందమ్మా. హారతి ఇయ్యాల."

"హారతి యాడికీ పోదు. ఎడమపక్క మూడో మడతలో నేనుండా. పైకి తియ్యి."

పూజారి పెద్ద ఈరన్నను చూశాడు. పెద్ద ఈరన్న పైకప్పును చూశాడు. కుచ్చిళ్లు విప్పి మళ్లీ పెట్టక తప్పలేదు. చుక్క చౌడమ్మ మోకాలి మీదికి వచ్చి కుదురుకుంది.

ఉరుకుందమ్మ దండం పెట్టుకుంది. మొక్కు సంగతి ఎత్తలేదు. వెనక నిలబడ్డ మొగుడి వైపు తిరగకుండానే మెల్లగా అంది:

"ఏమయ్యా, వచ్చే బొమ్మలో ఇంకొంచెం పెద్దగా ఏయి. నూలుమూట కూడా కనబడాల."