మహోన్ రేవు దాటేలోపు

"ఈ మనిషిని గుర్తుపట్టావా?"

అనురాధ గోడమీది స్క్రీన్ చూపించింది. బార్సిలోనా ఎయిర్‌పోర్ట్ కెమెరా తీసిన ఫొటో. బట్టతల, ఒక భుజానికి లాప్‌టాప్ బ్యాగు, చేతిలో నీళ్ళ బాటిల్.

హాసిని తడుముకోలేదు. "కృష్ణమూర్తి అంకుల్. మా వీధిలోనే ఇల్లు. నాకు ఆల్జీబ్రా చెప్పింది ఆయనే."

"అందుకే నిన్ను పిలిచాను. కూర్చో."

అరిజోనాలోని చాండ్లర్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. బోర్డు మీద ట్యాక్స్ కన్సల్టెన్సీ అని రాసుంటుంది. ట్యాక్సుల కోసం ఇంతవరకు ఎవరూ మెట్లెక్కి రాలేదు. కిటికీ బయట జులై ఎండకి పార్కింగ్ లాట్ పెనంలా కాలుతోంది. హాసిని ఈ ఊళ్ళోనే పుట్టింది. తెలుగులో 'ళ' సరిగ్గా పలకదు కానీ, మూడు పేర్లతో మూడు పాస్‌పోర్టులున్నాయి. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆమె డేటా ఎనలిస్టు.

"ఆయన చేసిన చిప్ ఈ దేశంలో సగం పవర్ సబ్‌స్టేషన్లలో ఉంది," అంది అనురాధ. "దానికో టెస్ట్ మోడ్ పెట్టారు. సరైన సిగ్నల్ పంపితే చిప్ నిద్రపోతుంది. చిప్ నిద్రపోతే కరెంటు పోతుంది. ఆ సిగ్నల్ ఏమిటో తెలిసినవాళ్ళలో బతికున్నది ఈయనొక్కడే. ఎక్కడా రాసిలేదు. ఆయన తలలోనే ఉంది."

హాసిని కిటికీలోంచి చూసింది. ఈ ఎండలో ఫీనిక్స్ మొత్తానికి రెండు రోజులు కరెంటు లేకపోతే, ఏసీలు లేకపోతే... ముసలివాళ్ళు, పసిపిల్లలు. లెక్క వేయబుద్ధి కాలేదు.

"చిప్‌లు మార్చేయొచ్చు కదా?"

"మారుస్తున్నారు. ఏళ్ళు పడుతుంది. ఈలోపు కంపెనీ ఆయన్ని లేఆఫ్ చేసింది. గ్రీన్ కార్డ్ క్యూలో జుట్టు ఊడేదాకా నిలబెట్టి, చివరికి వీసా కూడా పోయే స్థితికి తెచ్చారు. అప్పుడు స్విట్జర్లాండ్ కంపెనీ పేరుతో ఎవరో ఆఫర్ ఇచ్చారు. ఆ కంపెనీ లేదు. వెనకున్నది ఒక రింగ్, రహస్యాలు అమ్ముకునే ముఠా. వాళ్ళ యాట్, షోకైన పెద్ద పడవ, స్పెయిన్‌లో మినోర్కా దీవి దగ్గరుంది. మహోన్ అనే రేవు. శనివారం మధ్యాహ్నం ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళిపోతారు."

"స్పెయిన్ పోలీసులు?"

"అడిగితే కారణం చెప్పాలి. కారణమే సీక్రెట్. పైగా ఆయన ఇంకా ఏ నేరమూ చేయలేదు. లోపల మన మనిషి ఒకామె ఉంది, నిధి. టెక్సస్ ఫ్రిస్కోలో ఉద్యోగాలిప్పించే రిక్రూటర్. రింగ్ కోసం పనిచేస్తూ మనకి సమాచారం ఇస్తుంది. కోడ్ గుర్తుపెట్టుకో. నువ్వు, 'ఇక్కడ మజ్జిగ దొరుకుతుందా?' అనాలి. ఆమె, 'పెరుగే పుల్లగా ఉంటుంది,' అంటుంది."

అనురాధ డ్రాయర్‌లోంచి చిన్న డబ్బా తీసి బల్లమీద పెట్టింది. అందులో పచ్చరాయి ఉంగరం. రాయిని తిప్పితే వెంట్రుకంత సూది బయటికొస్తుంది.

"ఆయన ఆ యాట్ ఎక్కకూడదు, హాసినీ. నీతో వస్తే మంచిది."

"రాకపోతే?"

అనురాధ కళ్ళు తిప్పుకుంది. "నొప్పి తెలియదంటున్నారు."

"వెనక్కి వస్తే గ్రీన్ కార్డ్ ఇప్పిస్తామని చెప్పొచ్చా?"

"చెప్పు. ఇవ్వడం మన చేతిలో లేదు. చెప్పడం ఉంది."

*

ఫెర్రీ రేవులోకి వస్తుంటే హాసిని డెక్ మీద నిలబడింది. పెద్ద గడ్డి టోపీ, పూల గౌను, కొత్తగా పెళ్ళయిన టెక్సస్ టూరిస్టు వేషం. చెవిలో మినపగింజంత రిసీవర్, మైకు కూడా అందులోనే.

మహోన్ రేవు సముద్రం ఒడ్డున ఉండదు. సముద్రమే నదిలా సన్నగా నేలలోకి చొచ్చుకొస్తుంది, మైళ్ళ పొడవునా. ముఖద్వారం దగ్గర కొండమీద లా మోలా కోట. లోపలికొస్తే లజారెటో దీవి, ఒకప్పుడు అంటురోగులని బంధించిన చోటు, చుట్టూ రెండు వరసల గోడ. ఇంకా లోపల పాత నేవీ హాస్పిటల్ ఉన్న దీవి. చిట్టచివర, కొండ అంచున తెల్లటి ఊరు. ఎన్ని దేశాల నావికాదళాలు దీనికోసం కొట్టుకున్నాయో ఫెర్రీలో స్పీకర్ చెబుతూనే ఉంది. హాసిని వేరే సంగతి చూస్తోంది. లోపలికీ బయటికీ ఒకటే దారి. తప్పించుకోవడానికి ఇంతకంటే చెడ్డ ఊరు ఉండదు.

చేపల మార్కెట్ పక్కన కఫేలో నిధి కనిపించింది. తెల్లటి లినెన్ సూటు, నల్లకళ్ళద్దాలు, చేతిలో నిమ్మరసం కలిపిన జిన్ గ్లాసు. పక్క టేబుళ్ళవాళ్ళు చేపలు తినడం మానేసి ఆమెని చూస్తున్నారు.

"ఇక్కడ మజ్జిగ దొరుకుతుందా?" అంది హాసిని.

"పెరుగే పుల్లగా ఉంటుంది. కూర్చో." నిధి నవ్వింది. "మీ ఆఫీసులో కోడ్‌లు రాసేవాళ్ళు లంచ్ టైమ్‌లో రాస్తారా ఏంటి?"

"ఎక్కడున్నారాయన?"

"సాంటా మరియా చర్చిలో. రోజూ మధ్యాహ్నం అక్కడ ఆర్గన్ వాయిస్తారు. వెళ్ళేముందు ఒకసారి వింటానన్నాడు, సరేనన్నాం. అది అయ్యాక మెట్లు దిగి రేవుకి. కావలివాళ్ళని నేను బయట ఆపుతాను. కచేరీ అయ్యేలోపే నీ పని కానిచ్చుకో." నిధి గొంతు తగ్గించింది. "ఏ పనైనా."

*

చర్చి లోపల చల్లగా, చీకటిగా ఉంది. గోడ మొత్తం ఆక్రమించిన ఆర్గన్, వేల గొట్టాలు. వాయిస్తుంటే కూర్చున్న బెంచీ చెక్క వణుకుతోంది. కృష్ణమూర్తి మూడో వరసలో ఒక్కడే ఉన్నాడు. హాసిని వెళ్ళి పక్కన కూర్చుని టోపీ తీసింది.

ఆయన చూశాడు. మళ్ళీ చూశాడు. "హాసినీ? నువ్వేంటమ్మా ఇక్కడ?"

"మీకోసమే వచ్చాను అంకుల్. వెళ్ళిపోదాం రండి. ఆ కంపెనీ ఫేక్."

"తెలుసమ్మా."

హాసిని దానికి సిద్ధపడి రాలేదు.

"వెబ్‌సైట్ చూస్తేనే తెలిసింది," అన్నాడాయన నెమ్మదిగా. "నేను చేయని ప్రయత్నం లేదు. లాయర్లు, సెనేటర్ ఆఫీసు, పాత మేనేజర్లు. అందరికీ మెసేజ్‌లు పెట్టాను, ఫోన్లు చేశాను. వీళ్ళొక్కళ్ళే ఫోన్ ఎత్తారు. మా అమ్మాయి వేదకి ఇరవై ఒకటి వస్తోంది. నా వీసా మీద ఇక ఉండనివ్వరు. అక్కడే పెరిగిన పిల్ల, ఎక్కడికి పంపను? వీళ్ళు ముగ్గురికీ పాస్‌పోర్టులు ఇస్తామన్నారు. కొత్త చిప్ ఏదైనా చేసిపెడదామనుకున్నాను. టెస్ట్ మోడ్ సంగతి మాత్రం చచ్చినా చెప్పకూడదనుకున్నాను."

"అడిగే పద్ధతులు వాళ్ళకి తెలుసు అంకుల్."

ఆయన తల దించుకున్నాడు. హాసిని చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. లెక్క తప్పు చేసి ఏడ్చినప్పుడు కూడా అలాగే పట్టుకునేవాడు. పచ్చరాయి ఆయన అరచేతి కింద ఉంది. వేలితో కొద్దిగా తిప్పితే చాలు. పెద్దాయన కచేరీ వింటూ నిద్రపోయాడనుకుంటారు. ఫీనిక్స్‌లో ఎవరికీ ఏమీ కాదు.

హాసిని బొటనవేలు రాయి మీదకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"వెనక్కి వస్తే గ్రీన్ కార్డ్ ఇస్తారని చెప్పమన్నారు," అంది. "అబద్ధం. మీరు రానంటే ఈ ఉంగరంతో చంపేయమన్నారు. అది నిజం. నేను చేయలేను అంకుల్."

 ఆయన చిన్నగా నవ్వాడు. "నీకు చిన్నప్పట్నుంచీ లెక్క సగంలో వదిలేసే అలవాటు." లేచి నిలబడ్డాడు. "పద. ఎక్కడికి వెళ్తామో తెలియదు కానీ, పద."

వెనక తలుపు దగ్గర నిధి నిలబడి ఉంది. ఆమెకి అటూ ఇటూ చెరో కావలివాడు. ఇద్దరి చేతులమీదా మడతపెట్టిన కోట్లు, కోట్ల కింద గన్‌లు.

"సారీ హాసినీ," అంది నిధి. "రెండు వైపులా పనిచేస్తే ఏదో ఒకరోజు ఒక వైపు ఎంచుకోవాలి కదా. మీవాళ్ళు నాకు సిటిజన్‌షిప్ ఇస్తామని ఐదేళ్ళుగా చెబుతూనే ఉన్నారు." హాసిని వేలినుంచి ఉంగరం లాగి తన పర్సులో పడేసుకుంది. చెవిలో రిసీవర్ తీసి మడమ కింద నలిపింది.

*

మెట్లు దిగేటప్పుడు చుట్టూ టూరిస్టులు ఐస్‌క్రీమ్‌లు తింటూ ఫొటోలు దిగుతున్నారు. అరిస్తే ముందు చచ్చేది వాళ్ళే. హాసిని అరవలేదు.

యాట్ ఎక్కగానే ఆమె చేతులు ముందుకు పెట్టించి ప్లాస్టిక్ పట్టీతో బిగించారు. తాడు విప్పారు. ఊరు వెనక్కి జరగడం మొదలైంది.

హాస్పిటల్ దీవి దాటింది. హాసిని పట్టీని రెయిలింగ్ అంచుకేసి రుద్దింది. మణికట్టు తెగింది కానీ పట్టీ తెగలేదు. చాండ్లర్‌లో అనురాధ నిశ్శబ్దమైన స్పీకర్ ముందు కూర్చుని ఉంటుంది. ఎవరూ రారు. అడగని సాయం ఎలా వస్తుంది? లజారెటో గోడలు పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. ఆ ఒక్క క్షణం చర్చిలో రాయి తిప్పి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. దాన్ని తరిమేయడానికి బలం కూడా లేదు.

"ఆ అమ్మాయిని ఎక్కడ దింపుతారు?" కృష్ణమూర్తి నిధిని అడిగాడు.

"కోట దాటాక."

"కోట దాటాక సముద్రమే కదా."

నిధి నల్లకళ్ళద్దాలు సర్దుకుని కోట వైపు చూసింది. ఆయనకి అర్థమైంది. కళ్ళద్దాలు తీసి, చొక్కాతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. రెయిలింగ్ మీదకి కాలెత్తి, కష్టపడి, రొప్పుతూ, అవతలి వైపుకి దిగి నిలబడ్డాడు. కింద నీళ్ళు నురగలు కక్కుతున్నాయి.

"బోటు తిప్పండి," అన్నాడు. "నాకు ఈత రాదు. వేదకి నేర్పించాను కానీ నేను నేర్చుకోలేదు. నేను మునిగితే నా తలలో ఉన్నది కూడా మునుగుతుంది."

కావలివాడు గన్ ఎత్తాడు. నిధి వాడి చెయ్యి కిందకి కొట్టింది. "పిచ్చివాడా! ఆయన్నే కదా తీసుకెళ్తున్నది!" ఆయన వైపు తిరిగి గొంతు మెత్తబరచుకుంది. "అంకుల్ గారూ, రండి లోపలికి. మీ ఆవిడ గురించి, రాధారాణి ఆంటీ గురించి ఆలోచించండి."

"ఆమె గురించే ఆలోచిస్తున్నాను. ఆమె ఉండేది చాండ్లర్‌లో. అక్కడ కరెంటు ఉండాలి." ఆయన హాసినిని చూశాడు. "వస్తానమ్మా."

చేతులు వదిలేశాడు.

పక్కనున్న రెండో కావలివాడి మోకాలి మీద హాసిని తన్నిన దెబ్బకి వాడు కూలిపోయాడు. కట్టేసిన చేతులతోనే రెయిలింగ్ మీదుగా దూకింది. నీళ్ళు చల్లగా, చిక్కటి నీలంగా ఉన్నాయి. కింద తెల్లచొక్కా మెల్లగా దిగిపోతోంది. అరిజోనాలో ఇంటింటికీ ఈతకొలను, నడక వచ్చినప్పుడే ఈతా వస్తుంది. హాసిని తలకిందులుగా దిగి, బిగించిన రెండు చేతులూ దండ వేసినట్టు ఆయన మెడమీదుగా వేసి, చంకల కిందికి జార్చి, కాళ్ళతోనే పైకి తన్నింది.

పైకి తేలేసరికి యాట్ వాళ్ళవైపే తిరుగుతోంది. కావలివాడు కొక్కెం కర్ర పట్టుకుని వంగాడు. కర్ర కొన ఆయన కాలరుకి తగిలింది.

అప్పుడే కోట మలుపులోంచి, దారి మొత్తం నింపుతూ, బార్సిలోనా ఫెర్రీ వచ్చింది. దాని సైరన్‌కి కొండ అదిరింది. యాట్ నడిపేవాడు ప్రాణభయంతో చక్రం తిప్పేశాడు. కొక్కెం జారిపోయింది. ఫెర్రీ ముందు దారి చూపిస్తున్న పైలట్ బోటు నేరుగా నీళ్ళలో ఉన్నవాళ్ళ దగ్గరికి వచ్చింది. పైన డెక్ మీద వందలమంది, అందరి చేతుల్లో ఫోన్లు, అన్నీ యాట్ మీదే. నిధి మొహం పక్కకి తిప్పుకుంది. యాట్ కోట పక్కనుంచి సముద్రంలోకి పారిపోయింది, ఎవరి కోసం వచ్చిందో ఆయన లేకుండానే.

పైలట్ బోటులో కృష్ణమూర్తి దగ్గుతూ, కక్కుతూ చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. బతికినందుకు సంతోషం ఆ కళ్ళలో హాసినికి కనిపించలేదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న మాత్రం ఉంది.

*

నిధి దొరకలేదు. రింగ్ పేరు మార్చుకుందని అనురాధ చెప్పింది. చెప్పి, డిపార్ట్‌మెంట్ తరఫున ఆయనకి థాంక్స్ చెప్పమంది.

"వీసా?" అడిగింది హాసిని.

"అది వేరే డిపార్ట్‌మెంట్."

వేద కెనడాలో కాలేజీలకి అప్లై చేసుకుంది. రాధారాణి ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఒక సాయంత్రం ఆమెకి అట్టపెట్టెలు సర్దిపెడుతుంటే హాసిని ఫోన్ మోగింది. వీసా లేక మాడ్రిడ్‌లోనే ఆగిపోయిన కృష్ణమూర్తి.

"ఈరోజు అమెరికా ఎంబసీలో వీసా ఇంటర్వ్యూ అయిందమ్మా. అమెరికా ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారని అడిగారు."

"ఏం చెప్పారు అంకుల్?"

"కరెంటు ఉందో లేదో చూసి వస్తానన్నాను. నవ్వి, రిజెక్ట్ కొట్టారు."