కొడుకు గొంతు

"చెయ్యి జారి నీళ్ళ బకెట్లో పడిందనుకో, ఇంకెవరూ ఏం చెయ్యలేరమ్మా. నిన్ను కూడా ఎవరూ ఏమీ అనరు."

కొడుకు ఆ మాటను, పొయ్యి కట్టేయమ్మా అన్నంత మామూలుగా అన్నాడు. పట్టపగలు, వంటింటి గడప మీద కూర్చుని, తల్లి ముఖంలోకి చూడకుండా! ఆమె చేతిలో తన పాత ఫోను ఉంది. ఆ ఫోనులో వాడి గొంతు ఉంది. అది కోర్టుకు చేరితే జైల్లో ఉన్న కోడలు ఇంటికొస్తుంది, ఇంట్లో ఉన్న కొడుకు జైలుకెళతాడు. చేరకపోతే ఆ పిల్ల అక్కడే మగ్గిపోతుంది. కన్నపేగు ఒకవైపు, ఏ పాపమూ ఎరుగని ఆడపిల్ల ఒకవైపు... ఇలాంటి పరీక్ష పగవాళ్ళకు కూడా వద్దు!

అరచేతిలో పట్టేంత ఫోను ఆ తల్లిని అంత అగ్గిలోకి ఎలా నెట్టిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. భర్త పోయిన దగ్గరనుంచి ఆమె దర్జీ కొట్లకు కాజాలు కుట్టి పెట్టి ఒక్కగానొక్క కొడుకుని పెంచుకొచ్చింది. చొక్కా ఎవరిదో, గుండీ ఎవరిదో, మధ్యలో కాజా మాత్రం ఆమెది. సూది మీదే చూపు నిలిపీ నిలిపీ కళ్ళు మసకబారాయి. ఫోనులో అక్షరాలు ఆమెకు చీమల బారులా కనిపిస్తాయి. అందుకని కొడుకు తల్లికి ఏం చెప్పాలన్నా వాయిస్ మెసేజే పంపేవాడు. వాటిలో ఒక్కటి కూడా ఆమె చెరిపేది కాదు. కొడుకు ఇంట్లో లేనప్పుడు కాజాలు కుట్టుకుంటూ, కొందరు పాటలు పెట్టుకున్నట్టు వాడి గొంతు పెట్టుకుని వినేది. "అమ్మా, మందు వేసుకున్నావా", "అమ్మా, ఆలస్యమవుతుంది, నువ్వు తినేసెయ్" లాంటి మాటలే అన్నీ. అంతకంటే ఆస్తి ఏముంటుంది ఏ తల్లికైనా!

కొడుక్కి పెళ్ళయింది, పాప పుట్టింది, ఉద్యోగం ఊడింది. అప్పుడు మొదలుపెట్టాడు ఈ ఆన్‌లైన్ వ్యాపారం. బకెట్లో పెట్టి నీళ్ళు కాచుకునే హీటర్లు ఎక్కడినుంచో లాటుగా తెచ్చి, పేరున్న షాపింగ్ సైటులో దుకాణం తెరిచి అమ్మేవాడు. ముందు గదంతా అట్టపెట్టెలే. కోడలు సర్దేది, అత్తగారు టేపు అంటించేది, పాప వాటి మధ్య పాకుతూ ఆడుకునేది. ఆడవాళ్ళ పేరున దుకాణం తెరిస్తే సైటువాళ్ళ కమిషను తక్కువని పెళ్ళాం పేరు పెట్టాడు. యజమాని ముఖం వీడియో కూడా కావాలన్నారు సైటువాళ్ళు. ఆ రోజు ఆమె పొయ్యి దగ్గర ఉంది. ఇలా చూడు, తల అటు తిప్పు, ఇప్పుడు ఇటు, ఇప్పుడు కళ్ళు ఆర్పు అని మొగుడు ఫోనును ముఖం ముందు పెడితే, చేతిలో గరిటె చేతిలో ఉండగానే తల తిప్పింది, కళ్ళు ఆర్పింది. ఫోటో తీస్తున్నాడనుకుని నవ్వింది కూడా, పిచ్చిపిల్ల! ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఎందుకని అడగరు. అడిగితే నమ్మకం లేదని ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని వాళ్ళ భయం. అలా మొహమాటాన్ని ప్రేమనుకుని బతికిన ఇల్లు అది.

ఒకరోజు ఎక్కడో ఒక ఇంట్లో, పరీక్షకు వెళ్ళాల్సిన కాలేజీ పిల్ల నీళ్ళు కాగాయో లేదోనని బకెట్లో వేలు పెట్టింది. మళ్ళీ లేవలేదు. పోలీసులు హీటరు ఎవరమ్మారని సైటువాళ్ళను అడిగారు. మేం అంగడి వేసి చోటిచ్చాం అంతే, సరుకు ఆవిడది అని సైటువాళ్ళు చేతులు దులిపేసుకున్నారు. దుకాణం పేరు, బ్యాంకు ఖాతా, ఆ నవ్వు ముఖం వీడియో అన్నీ తీసిచ్చి, ఇవి మా కంప్యూటర్లలో ఉన్నవే, ఎవరూ మార్చలేదు అని వాళ్ళ ఆఫీసరొకడు సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాడు. ఇక చట్టానికి ఏం కావాలి? పాపకు పాలిస్తున్న తల్లిని పాలిస్తుండగానే లేపి తీసుకుపోయారు. కొడుకు ఏడ్చాడు, గోడకు తల కొట్టుకున్నాడు, నా పెళ్ళాం అమాయకురాలు అన్నాడు. అన్నాడు గానీ, అమ్మింది నేను అని మాత్రం అనలేదు!

కోడలి తరఫున కోర్టువాళ్ళే కుదిర్చిన లాయరమ్మ ఇంటికొచ్చి అత్తగారిని అవీ ఇవీ అడిగింది. మాటల మధ్యలో, హీటర్లు పాడని ఇంట్లో ఎవరికైనా ముందే తెలుసా అంది. తెలియదమ్మా, నా దగ్గరున్నది ఒక్కటి షాక్ కొడుతోందని మావాడు ముట్టుకోవద్దన్నాడు, అంతే అని ఆమె ఫోను తీసి వినిపించింది. లాయరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. తేదీ చూసింది. ఆ కాలేజీ పిల్ల ఇంటికి హీటరు వెళ్ళడానికి చాలా ముందటి మెసేజీ అది. వ్యాపారం ఎవరిదో, లోపం ఎవరికి తెలుసో, రెండూ ఆ గొంతులోనే ఉన్నాయి. నాకు కాపీ పంపితే చాలదు పెద్దమ్మా, కోర్టు ఒప్పుకోదు, ఈ ఫోనే కావాలి, ఇది మొదట్నుంచీ నా చేతిలోనే ఉంది అని మీరే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి, బోనెక్కి చెప్పాలి అని వివరించింది. మీరు తప్ప ఇంకెవరూ ఆ సంతకం పెట్టలేరు అని కూడా అంది.

ఆ పిచ్చితల్లికి ఆ మాటల్లో కోడలు బయటికి రావడం ఒక్కటే వినిపించింది! ప్రాణం లేచొచ్చినట్టయింది. కొడుకు రాగానే ఎదురెళ్ళి, నీ పెళ్ళాం బయటపడే దారి దొరికిందిరా అని సంతోషంగా చెప్పింది. వాడి ముఖం పాలిపోవడం చూశాకగానీ, ఆ దారి ఎవరి మీదుగా పోతుందో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడన్నాడు బకెట్టు మాట. ఆడదానికి శిక్ష తక్కువ పడుతుందన్నాడు. పసిపిల్ల తల్లి కాబట్టి జాలి చూపిస్తారన్నాడు. తను లోపలికెళితే ఇల్లు ఎలా గడుస్తుందన్నాడు. చివరికి ఆమె కాళ్ళు చుట్టేసుకుని, "నువ్వు కన్నది నన్నమ్మా... దాన్ని కాదు" అన్నాడు.

ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. బకెట్టు నిండింది, పొర్లింది. ఫోను పట్టుకున్న చెయ్యి నీళ్ళ మీద ఆగిపోయింది. వేళ్ళు విడిస్తే చాలు... విడవడానికి వేళ్ళకు బలం లేదు, వెనక్కి తీసుకోవడానికి మనసుకు బలం లేదు! కన్నకొడుకు, తండ్రి లేని పిల్లాడు, జ్వరమొస్తే తన పొట్ట మీద పడుకుంటేగానీ నిద్రపోని పిల్లాడు... వాణ్ణి తన చేత్తోనే అప్పగించాలా? కుళాయి కట్టేసింది. ఒక్కసారి జైల్లో దాన్ని చూసొస్తానురా, ఆ తరువాత నువ్వు చెప్పినట్టే చేస్తాను అని బయటికొచ్చి చెప్పింది. చేస్తాననే అనుకుంది కూడా.

జైల్లో ములాఖాతు గది పొడవుగా ఉంటుంది, మధ్యలో జల్లెడ లాంటి ఇనుప తెర. తెరకు ఇవతల పదిమంది ఒక్కసారే మాట్లాడుతుంటే ఎవరి ఏడుపు ఎవరిదో తెలియదు. కోడలు సగమైపోయింది. పాపను ఎత్తి చూపిస్తే పాప గుర్తుపట్టలేక అత్తగారి మెడలో ముఖం దాచుకుంది. కోడలి గుండె అక్కడే పగిలిపోయుంటుంది! గట్టిగా ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. పాలు ఇంకిపోయాయత్తయ్యా అంది. తరువాత తనలో తను అనుకుంటున్నట్టు అడిగింది.

"కళ్ళు ఆర్పమంటే ఆర్పాను. అదేనా అత్తయ్యా నేను చేసిన తప్పు?"

అత్తగారు పాపను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. ఏమని చెబుతుంది? నిన్ను ఇక్కడే ఉంచమని నీ మొగుడు నా కాళ్ళు పట్టుకున్నాడని చెబుతుందా? నేను బకెట్టు నింపుకుని వచ్చానని చెబుతుందా? వేళయిందని పిలుపు వచ్చేదాకా కోడలు పాప వీపు వైపే చూస్తూ ఉంది. బయటికొచ్చాక ఆ తల్లి ఇంటికి వెళ్ళలేదు. ఏడుస్తూనే లాయరమ్మ ఆఫీసు మెట్లెక్కి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది. ఆ సంగతి కొడుక్కి చెప్పలేదు.

వాయిదా రోజు కోర్టు హాలు కిక్కిరిసింది. చనిపోయిన పిల్ల తల్లి ఎప్పటిలాగే ముందు బెంచీ చివర కూర్చుంది. కొడుకు తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ చేయదులే అనే ధీమా వాడి ముఖంలో ఇంకా మిగిలే ఉంది! తల్లి బోనెక్కాక సర్టిఫికెట్ చదివారు. గుమాస్తా ఫోనును మైకు దగ్గర పెట్టాడు. వాడి గొంతు హాలంతా నిండింది.

"అమ్మా, నేను తెచ్చిన లాటులోది ఒక హీటరు నీ గదిలో ఉంది చూడు, దాన్ని ముట్టుకోకు. షాక్ కొడుతున్నాయి అవి, ఇద్దరు ముగ్గురు తిరిగి పంపించారు కూడా. అలాగని చన్నీళ్ళు పోసుకోకు, నీకు పడదు. పొయ్యి మీద కాచుకో. సాయంత్రం వేరేది మంచిది తెస్తాను. సరేనా బంగారం?"

ముందు బెంచీ చివర కూర్చున్న ఆవిడ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

సర్కారు లాయరు లేచాడు. అతను చెడ్డవాడేం కాదు, అతని పని అది. ఈ రోజుల్లో ఎవరి గొంతునైనా మిషన్లు అచ్చుగుద్దినట్టు చేసి ఇస్తున్నాయి, కోడలిని తప్పించడానికి మీరిది తయారు చేయించలేదని నమ్మకమేమిటి అని అడిగాడు. ఆమెకు మిషన్ల సంగతి తెలియదు. బోను కమ్మీని గట్టిగా పట్టుకుంది.

"తయారు చేయించేదాన్నైతే, వాడికి నా మీద ఇంత ప్రేమ ఉన్నట్టు చేయించను బాబూ. అది ఉండబట్టే నాకింత కష్టంగా ఉంది."

ఇది ఎవరి గొంతో మీ నోటితో చెప్పండని జడ్జిగారు అడిగారు. అడగాల్సినట్టే, మెత్తగానే అడిగారు. ఆమె తలుపు వైపు చూసింది. వాడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు, చిన్నప్పుడు చేదుమందు పట్టేటప్పుడు ఊపినట్టు... ఆ తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నా కొడుకుది."

ఆ మెసేజీని సాక్ష్యంగా తీసుకుంటున్నామని జడ్జిగారు రాయించారు. కోడలికి ఆ రోజే బెయిలు దొరికింది. కొడుకుని తలుపు దగ్గరే పోలీసులు పట్టుకున్నారు. తల్లి ముందునుంచే తీసుకెళ్ళారు, వాడు తలెత్తలేదు. ఆ తరువాత విచారణ సాగింది, కోడలి మీద కేసు కొట్టేశారు, వాడికి శిక్ష పడింది.

కోడలు ఇంటికొచ్చి అత్తగారి ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. నాకోసం కొడుకుని వదులుకున్నారు అంటే, ఆ మాట ఇంకోసారి అనకు అంది అత్తగారు. వదులుకోవడమేమిటి? ములాఖాతు రోజు వస్తే చాలు, వాడికి బట్టలు ఉతికి మడత పెట్టుకుని తెల్లారేసరికి తయారయ్యేది. పేరు రాయించుకుని కూర్చునేది. రానంటున్నాడమ్మా అని వార్డరు వచ్చి చెప్పేవాడు. బట్టలు ఇచ్చి తిరిగొచ్చేది. మళ్ళీ వెళ్ళేది. కోడలు కూడా పాపనెత్తుకుని గేటు దాకా తోడు వచ్చేదిగానీ లోపలికి వచ్చేది కాదు. రమ్మని అత్తగారు ఒక్కసారి కూడా అడగలేదు.

అలా వెళ్ళగా వెళ్ళగా ఒకరోజు వాడొచ్చాడు! గడ్డం పెరిగింది, చెంపలు లోపలికి పోయాయి. తెరకు అవతల నిలబడి చాలాసేపు నేల చూపులు చూశాడు. ఆమె ఒంట్లో ఎలా ఉందని అడిగింది, తింటున్నావా అని అడిగింది. వెళ్ళిపోతాడేమోనని తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. చివరికి వాడు నోరు విప్పాడు.

"ఆ లాటు ఇచ్చినవాడు వెనక్కి తీసుకోనన్నాడమ్మా. ఉన్నవి అమ్మేసి ఆపేద్దామనుకున్నాను. నిజంగా ఆపేసేవాణ్ణి..." పళ్ళు కొరుకుతూ అన్నాడు. "అసలు నీకా మెసేజీ పంపకుండా ఉండాల్సింది. అది పంపినందుకే ఇక్కడున్నాను."

ఆమెకు కోపం రాలేదు. కన్నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఇనుప తెర కంతల్లో వేళ్ళు పెట్టి, వాడి చెంప అందకపోయినా అందినట్టే చెయ్యి కదిపింది.

"పంపినందుకు కాదు నాన్నా. నాకొక్కదానికే పంపినందుకు."

వాడు తలెత్తి తల్లి వైపు చూశాడు. ఆ తరువాత ఆ తెర మీదే నుదురు ఆనించి, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. వేళయిందని వార్డరు పిలిచేదాకా ఆ తల్లి అలాగే నిలబడి ఉంది.